సారె పెట్టి పంపే ఇల్లు

ఢిల్లీలో గానీ, దాన్ని ఆనుకుని ఉన్న నోయిడా, ఘాజియాబాద్, ఫరీదాబాద్, గురుగ్రామ్‌లలో గానీ ఒంటరిగా గది అద్దెకు అడగబోయిన ఆడమనిషిని ఇంటివాళ్లు మొదట అడిగేది భర్త గురించి. ఏం చేస్తాడు, ఎప్పుడొస్తాడు, ఆధార్‌లో ఆయన పేరుందా అని. అద్దె సంగతి ఆ తర్వాత. పిల్లలుంటే ఇంకో రెండు ప్రశ్నలు పెరుగుతాయి. పదకొండు నెలల ఒప్పంద పత్రం, పోలీసు వెరిఫికేషన్, ఒకటి రెండు నెలల అడ్వాన్సు, బ్రోకరుకు మరో నెల అద్దె. ఇవన్నీ సిద్ధం చేసుకుని వెళ్లినా, భర్త లేడనో, ఉన్నా అతని దగ్గరికి వెళ్లదలచుకోలేదనో చెప్పగానే ఆ గది అప్పటికే ఇంకెవరికో ఇచ్చేసినదైపోతుంది. దెబ్బలు భరించలేక ఇల్లు విడిచి, ఏ ఆశ్రయ గృహంలోనో కొన్ని నెలలు తలదాచుకుని, పని నేర్చుకుని, ధైర్యం కూడగట్టుకుని బయటకు వచ్చిన మహిళ చివరికి వచ్చి నిలబడేది ఆ గుమ్మం ముందే.

ఆశ్రయ గృహాల గురించి ప్రభుత్వాలు నివేదికలు ఇచ్చినా, పత్రికలు రాసినా లెక్క చేరికలతో మొదలై చేరికలతోనే ముగుస్తుంది. ఎన్ని గృహాలు, ఎన్ని మంచాలు, ఎందరు వచ్చారు? వచ్చినవాళ్లు ఎక్కడికి వెళ్లారు, వెళ్లిన ఆరు నెలలకు ఎలా ఉన్నారు అన్న లెక్క అరుదుగా కనపడుతుంది. మా ఉద్దేశంలో ఇలాంటి ఇంటికి అసలు పరీక్ష అదే. ఆడపిల్లను పుట్టింటి నుంచి ఉత్త చేతులతో పంపడం మన ఇళ్లలో లేదు. ఎంత లేనివాళ్లయినా ఓ చీర, నాలుగు గిన్నెలు, ఒడిలో ఇన్ని బియ్యం పోసి సారెతో సాగనంపుతారు. కన్నవాళ్లు ఆదుకోలేకపోయిన మహిళకు పుట్టిల్లై నిలిచిన గృహం కూడా ఆమెను సారె పెట్టే పంపాలి. ఆ సారెలో ఏమేం ఉండాలన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నది.

ఢిల్లీ ఈ పాఠాన్ని ఎప్పుడో నేర్చుకోవలసింది. దేశ విభజన నాడు సరిహద్దు దాటి వచ్చిన లక్షల మందిలో మగదిక్కు లేని స్త్రీలు, పసిబిడ్డల తల్లులు వేలల్లో ఉన్నారు. వారి కోసం పునరావాస మంత్రిత్వ శాఖలో రామేశ్వరీ నెహ్రూ ఆధ్వర్యంలో ప్రత్యేకంగా ఒక మహిళా విభాగమే పనిచేసింది. లాజ్‌పత్ నగర్‌లో కస్తూర్బా నికేతన్, ఇవాళ రాజధాని ప్రాంతంలో భాగమైన కర్నాల్‌లో మహిళాశ్రమం ఆ రోజుల్లో వెలసినవే. కుట్టుపని, చేతిపని, చదువు నేర్పించి వాళ్ల కాళ్ల మీద వాళ్లను నిలబెట్టాలన్నది ఆలోచన. చాలామంది నిలబడ్డారు కూడా. కానీ రీతూ మీనన్, కమలా భాసిన్ 1998లో వెలువరించిన ‘బార్డర్స్ అండ్ బౌండరీస్’ పుస్తకం కోసం కర్నాల్ ఆశ్రమానికి వెళ్లినప్పుడు, ఆనాడు కొన్నాళ్లకని వచ్చిన స్త్రీలలో కొందరు ఇంకా అక్కడే ఉన్నారు. యవ్వనంలో గేటు లోపల అడుగుపెట్టినవాళ్లు అక్కడే ముసలివాళ్లయ్యారు. తిండికి లోటు రాలేదు, నీడకూ లోటు రాలేదు. వెళ్లే చోటు ఒక్కటే దొరకలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ తిలక్ విహార్. 1984 మారణకాండలో భర్తలను పోగొట్టుకున్న సిక్కు స్త్రీలకు పశ్చిమ ఢిల్లీలోని ఆ కాలనీలో ఒంటిగది ఫ్లాట్లు ఇచ్చారు, చాలామందికి చిన్న ప్రభుత్వ ఉద్యోగాలూ ఇచ్చారు. ఇల్లూ జీతమూ చేతికి వచ్చాయి గనుక శిబిరం దాటి వచ్చారు. అయితే అందరినీ ఒక్కచోట పెట్టడంతో ఆ కాలనీకి ‘విడో కాలనీ’ అన్న పేరు స్థిరపడిపోయింది. పిల్లలు ఎక్కడ ఉంటారని అడిగితే చెప్పే చిరునామాలోనే ఆ దుఃఖం ఉంటుంది. మంచి ఉద్దేశంతో చేసిన పనిలోని ఈ పొరపాటును గుర్తుపెట్టుకోవడం మంచిది. ఇల్లు ఇవ్వాలి, కానీ నలుగురి మధ్య ఇవ్వాలి.

ఇవాళ మనం చూస్తున్న తరహా ఆశ్రయ గృహాలు మరో దుఃఖం నుంచి పుట్టాయి. 1979 మార్చిలో ఢిల్లీలో శశిబాల అనే అమ్మాయి అత్తవారింట కాలిపోయి చనిపోయింది. కడుపుతో ఉంది. అంతకు ముందు అల్లుడు స్కూటర్ అడుగుతున్నాడు. ఆమె తల్లి సత్యరాణి చద్దా ఆ రోజు నుంచి కోర్టుల చుట్టూ తిరిగింది. 2000లో అల్లుడికి శిక్ష పడింది, ఢిల్లీ హైకోర్టు దాన్ని ఖాయం చేసేసరికి 2013 వచ్చింది. ముప్పై నాలుగేళ్లు. మరుసటి ఏడాదే ఆమె కన్నుమూసింది. ఈ నడుమ ఆమె చేసిన పెద్ద పని మరొకటుంది. తనలాగే కూతుర్ని పోగొట్టుకున్న షాజహాన్ ఆపాతో కలిసి 1987లో ‘శక్తి శాలిని’ని స్థాపించింది. ఒకరు మధ్యతరగతి పంజాబీ తల్లి, మరొకరు పేద ముస్లిం తల్లి. చనిపోయాక న్యాయం కోసం ఊరేగింపులు తీయడం వాళ్లకు తెలుసు. బతికుండగానే వచ్చి తలుపు తట్టగలిగే చోటు ఒకటుంటే ఊరేగింపు అక్కర్లేకపోవచ్చన్నది వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేకుండా తెలిసిన విషయం. ఆ సంస్థ ఆశ్రయ గృహం పేరు ‘పెహచాన్’.

ఆ తరం తల్లులు అనుభవం మీద గ్రహించిన ఒక సంగతి మన ఇళ్లలో ఇప్పటికీ ఒప్పుకోం. కూతురు ఏడుస్తూ వస్తే నాలుగు రోజులు ఉంచుకుంటాం, అల్లుణ్ణి పిలిచి పెద్దమనుషుల్లో కూర్చోబెడతాం, ‘సర్దుకుపో తల్లీ, పిల్లల మొహం చూసి’ అని మళ్లీ బస్సెక్కిస్తాం. చెల్లెలి పెళ్లి కావాలి, వదిన ఏమంటుందో, ఊళ్లో తలెత్తుకోవాలి. ప్రేమ లేకపోవడం వల్ల కాదు, ఆమెకు మూడో చోటు ఉంటుందన్న ఊహే మనకు రాకపోవడం వల్ల ఇలా జరుగుతుంది. ఆశ్రయ గృహం ఆ మూడో చోటు.

చట్టం మీద నమ్మకమున్నవాళ్లు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు, అది న్యాయమైన ప్రశ్న. కొట్టినవాడు ఇంట్లో ఉండగా దెబ్బలు తిన్నావిడ ఎందుకు వెళ్లాలి? 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం ఆమెకు కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. కొట్టినవాణ్ణే బయటకు పొమ్మని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఇల్లు అత్తమామల పేరున ఉంటే ఆ హక్కు వర్తించదని 2006లో అశోక్ విహార్ ఇంటి కేసులో సుప్రీంకోర్టు అన్నది. న్యూ ఫ్రెండ్స్ కాలనీ ఇంటి విషయమై వచ్చిన సతీశ్ చందర్ అహూజా కేసులో 2020 అక్టోబరు 15న అదే కోర్టు ఆ మాటను సరిదిద్దింది. రెండూ ఢిల్లీ ఇళ్లే, రెండూ ఢిల్లీ కోడళ్లే. ఈ తీర్పు విలువ తక్కువది కాదు. అయినా దరఖాస్తుకూ ఉత్తర్వుకూ మధ్య రాత్రులుంటాయి. ఆ రాత్రుల్లో పడుకోవడానికి తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టుకోగలిగే చోటు కావాలి. అడిగిన మహిళకు ఆశ్రయం ఇవ్వాల్సిందేనని ఆ చట్టం ఆశ్రయ గృహాలకు చెప్పింది కూడా అందుకే.

వచ్చే మనిషి ఎలా వస్తుందో ఒకసారి దగ్గరగా చూడాలి. చేతిలో ఒక పాలిథీన్ సంచి. అందులో పిల్ల టీకాల కార్డు, రెండు జతల బట్టలు, సగం వాడిన జ్వరం మందు సీసా, చార్జర్. ఆధార్ అత్తగారి బీరువాలో ఉండిపోయింది. బ్యాంకు పుస్తకం భర్త దగ్గర. ఫోన్ మాత్రం ఉంది, దాని నిండా ప్రమాదం ఉంది. లొకేషన్ షేరింగ్ ఆన్‌లో ఉంటుంది, ఈమెయిల్ పాస్‌వర్డ్ అతనికి తెలుసు, ఉమ్మడి ఖాతా నుంచి టీ దుకాణంలో పదిహేను రూపాయలు ఫోన్‌తో కడితే ఆ దుకాణం పేరుతో అతనికి మెసేజ్ వెళ్తుంది. అందుకే అనుభవమున్న నిర్వాహకురాలు ఏం జరిగిందని అడగడానికి ముందు అన్నం పెడుతుంది, ఆ తర్వాత ఫోన్ సంగతి చూస్తుంది. కథ చెప్పించుకోవడం మర్నాడైనా ఆగుతుంది. నెల తర్వాతైనా ఆగుతుంది. ఫారం నింపాలన్న తొందరలో తొలి రాత్రే అన్నీ చెప్పించే చోట్ల మనిషి తనను మళ్లీ ఎవరో నిలదీస్తున్నారనే అనుకుంటుంది.

ఆ తర్వాత మొదలయ్యేది కాగితాల పని. ఇది వినడానికి చిన్న విషయం, నిజానికి సారెలో మొదటి వస్తువు ఇదే. గుర్తింపు పొందిన ఆశ్రయ గృహం వార్డెనో సూపరింటెండెంటో నిర్ణీత నమూనాలో రాసిచ్చిన ధ్రువపత్రాన్ని చిరునామా రుజువుగా ఆధార్ సంస్థ అంగీకరిస్తుంది. ఆ ఒక్క కాగితంతో ఆధార్‌లో చిరునామా మారుతుంది, దానితో ఆమె ఒక్కదాని పేరున ఖాతా తెరుచుకుంటుంది, ఆ ఖాతాలోకి జీతం వస్తుంది. పిల్లల బడి విషయం కూడా అంతే. టీసీ లేదని, వయసు పత్రం లేదని, ఏడాది మధ్యలో వచ్చారని చేర్చుకోకుండా ఉండటానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. ఈ సంగతి హెడ్‌మాస్టరు దగ్గర నిబ్బరంగా చెప్పి, సంతకం అయ్యేదాకా కుర్చీలోంచి లేవని మనిషి ఒకరు గృహంలో ఉండాలి. అలాంటి మనిషికి మనం ఇచ్చే జీతం ఎంతో, గ్రాంటు ఆలస్యమైన నెలల్లో అదైనా వస్తుందో లేదో విచారిస్తే తలదించుకోవలసి వస్తుంది. రాత్రి రెండింటికి గేటు దగ్గర భర్త వచ్చి అరుస్తుంటే పోలీసులకు ఫోన్ చేసేదీ, నెలలు నిండిన అమ్మాయిని ఆస్పత్రికి తీసుకెళ్లేదీ, టీవీ రిమోట్ కోసం, నీళ్ల బకెట్ కోసం వచ్చే తగవులు తీర్చేదీ ఆ ఒక్కరే. ఎక్కువ మంది ఈ ఉద్యోగంలో నిలవరంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆశ్రయం పొందేవాళ్లకు సలహాదారు ఉన్నట్టే వీళ్లకూ మనసు విప్పి మాట్లాడుకునే మనిషి, వారానికి ఒక నిజమైన సెలవు ఉండాలి.

గృహం ఎక్కడుందో బయటి మగవాళ్లకు తెలియకూడదు. లోపల ఏం జరుగుతోందో సమాజానికి తెలిసి తీరాలి. ఈ రెండింటినీ ఒకేసారి నిలబెట్టుకోవడం ఈ పనిలో అన్నిటికంటే కష్టం. మూసిన గోడల వెనక ఏం జరగగలదో మనం చూశాం. 1981లో ఆగ్రా రక్షణ గృహంలో స్త్రీల దుస్థితి గురించి ఢిల్లీ విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర అధ్యాపకులు ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్ రాసిన ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా స్వీకరించింది. 2012లో రోహ్‌తక్‌లో ‘అప్నా ఘర్’ పేరుతో నడిచిన గృహంలోని ఘోరాలు, అక్కడి నుంచి తప్పించుకున్న అమ్మాయిలు ఢిల్లీ చేరి చెప్పాకే బయటపడ్డాయి. ఆరేళ్ల తర్వాత సీబీఐ కోర్టు నిర్వాహకురాలికి యావజ్జీవ శిక్ష వేసింది. బిహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికా గృహంలో అమ్మాయిలపై జరిగిన లైంగిక హింస కేసు విచారణ జరిగింది ఢిల్లీ సాకేత్ కోర్టులోనే. ముజఫర్‌పూర్ గృహం గురించి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ బృందం రాసిన నివేదిక లేకుంటే ఆ గోడలు ఇంకా నిలిచే ఉండేవి. ఆ ఇళ్లకు రిజిస్ట్రేషన్లు ఉన్నాయి, గ్రాంట్లు వచ్చాయి, తనిఖీలు జరిగినట్టు కాగితాలూ ఉన్నాయి. ఒక్కటి లేదు. లోపలివాళ్లు ఎప్పుడంటే అప్పుడు బయటకు వెళ్లి ఎవరితోనైనా మాట్లాడే స్వేచ్ఛ. పద్దెనిమిదేళ్లు నిండిన మహిళను ఆమె ఇష్టానికి విరుద్ధంగా లోపల ఉంచే హక్కు ఏ గృహానికీ లేదు. తాళం చెవి ఎవరి చేతిలో ఉందో చూస్తే ఆ ఇల్లు ఎలాంటిదో చాలావరకు తెలుస్తుంది.

పథకాల పేర్లు మారుతూ వచ్చాయి. 1969లో స్వల్పకాలిక వసతి గృహాలు, ఆ తర్వాత స్వాధార్, స్వాధార్ గృహ, 2022లో మిషన్ శక్తి కింద శక్తి సదన్. 2015లో మొదలైన సఖి కేంద్రాల్లో ఐదు రోజుల దాకా ఉండొచ్చు. ముప్పై మంది ఉండేలా రూపొందించిన స్వాధార్ గృహంలో గృహహింస బాధితురాలికి ఏడాది, ఇతర కష్టాల్లో ఉన్నవారికి మూడేళ్లు, యాభై అయిదు దాటినవారికి అయిదేళ్లు గడువు పెట్టారు. గడువు ఉండటం తప్పు కాదు. కర్నాల్ అనుభవం చూశాక గడువు వద్దని ఎవరూ అనరు. కానీ ఆ ఏడాదిలో కోర్టు వాయిదాలు తిరగాలి, పని నేర్చుకోవాలి, పని దొరకాలి, నాలుగు డబ్బులు వెనకేసుకోవాలి, రాత్రి నిద్ర పట్టాలి. చివరిదానికే కొందరికి ఆర్నెల్లు పడుతుంది.

అదే స్వాధార్ గృహ నిబంధనల్లో మరొకటి ఉండేది. కూతుళ్లను పద్దెనిమిదేళ్ల వరకు తల్లితో ఉండనిచ్చేవారు, కొడుకులను ఎనిమిదేళ్ల వరకే. తొమ్మిదో ఏడు రాగానే అబ్బాయిని బాలుర గృహానికి పంపాల్సి వచ్చేది. ఇతర స్త్రీల భద్రత కోసం పెట్టిన హద్దు అని అర్థమవుతుంది. హద్దు ఎనిమిది దగ్గర గీసినా, ఇంకాస్త జరిపి గీసినా, దాన్ని దాటిన కొడుకున్న తల్లి ముందు మిగిలేవి రెండే దారులు. పిల్లవాణ్ణి విడిచి ఉండటం, లేదా పిల్లవాడి కోసం దెబ్బల ఇంటికి తిరిగి వెళ్లడం. చాలామంది తల్లులు ఏది ఎంచుకుంటారో మనకు తెలుసు. విడిగా ఒకటి రెండు గదులు, విడి గుమ్మంతో, ఇలాంటి తల్లుల కోసం ప్రతి గృహంలో ఉంచడం అసాధ్యమైన ఖర్చేమీ కాదు.

రాజధాని ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు సరిహద్దులు. ఖోడాలో కాపురం ఉన్న మనిషి ఘాజియాబాద్ జిల్లాకు చెందుతుంది. ఆమె పనికి వెళ్లేది నోయిడాకు, అమ్మవాళ్లు ఉండేది ఢిల్లీ త్రిలోక్‌పురిలో. నడిచి వెళ్లగలిగే దూరంలో రెండు ప్రభుత్వాలు, రెండు పోలీసు వ్యవస్థలు, వేర్వేరు రక్షణాధికారులు. ఇక్కడికి రావద్దు, అక్కడికి పొమ్మనడానికి ప్రతి ఒక్కరికీ ఒక మ్యాపు ఉంటుంది. చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా గృహహింస కేసు వేయొచ్చు. అత్తింటి నుంచి వచ్చేసి తలదాచుకున్న చోటే, భర్తా అత్తింటివాళ్లూ పెట్టిన హింసపై అప్పటి 498ఎ సెక్షన్ కింద ఫిర్యాదు కూడా ఇవ్వవచ్చని రూపాలీ దేవి కేసులో 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆదాయం ఎంతున్నా ప్రతి మహిళకూ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టమే ఇచ్చింది. ఈ మూడు మాటలూ పెద్ద అక్షరాలతో రాసి గృహం గోడకు తగిలించాలి, పోలీసు స్టేషను గోడకు ఇంకా ముందు తగిలించాలి.

తెలుగువాళ్లకు ఈ విషయంలో ఢిల్లీతో మరో బంధం ఉంది. మెట్రో పింక్ లైన్‌లో 2018లో తెరుచుకున్న ‘దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్’ స్టేషన్లో రోజూ వేలమంది దిగుతుంటారు. ఆ పేరు గల మనిషి రాజమండ్రి ఆడపడుచు, ఎనిమిదో ఏట పెళ్లయి, ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని చెప్పిన అమ్మాయి అని వాళ్లలో ఎందరికి తెలుసో. తండ్రి, తమ్ముడు ఆమె మాట మన్నించారు. మూడో చోటు అక్కర్లేని పుట్టిల్లు ఆమెకు దొరికింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టినప్పుడు, 1953లో ఏర్పడ్డ కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైనప్పుడు అది దొరకనివాళ్లను ఆమె మరచిపోలేదు. చదువు మధ్యలో ఆగిపోయిన పెద్ద వయసు స్త్రీలు రెండేళ్లలో పరీక్షకు కూర్చునేలా సంక్షిప్త కోర్సులు 1958లో బోర్డు తరఫున మొదలయ్యాయి. మైలాపూరులో ఆడపిల్లలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేసిన ఆమె అనుభవమే దానికి మూలం. నర్సులు, టీచర్లు, గ్రామ సేవికలు కావడానికి ఆ చదువు తోవ చూపింది.

దుర్గాబాయి జీవితంలో తక్కువగా చెప్పుకునే ఒక ఘట్టం ఆమె ఆత్మకథ ‘చింతామన్ అండ్ ఐ’లో ఉంది. ఆమె కాదన్న భర్త సుబ్బారావు తర్వాత మాయమ్మ అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. 1941లో ఆయన చనిపోయాక మాయమ్మను బంధువులు బాధలు పెట్టారు. ఆమెకు నీడనిచ్చింది దుర్గాబాయే. ఆంధ్ర మహిళా సభలో వృత్తి శిక్షణ ఇప్పించింది. మాయమ్మ ఆ తర్వాత హైదరాబాద్‌లో హస్తకళల శిక్షణ సంస్థలో టీచరయ్యింది. నీడ, చదువు, జీతం వచ్చే పని. సారె పెట్టి పంపడమంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు తెలియదు. మాయమ్మ సభలోనే జీవితాంతం వంటపనికి ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. దుర్గాబాయి అక్కడితో ఆగలేదు.

పని గురించి నిర్మొహమాటంగా మాట్లాడుకోవాలి. అగరొత్తులు, అప్పడాలు, కుట్టు మిషను, మెహందీ. చాలా గృహాల్లో శిక్షణ ఇక్కడే ఆగిపోతోంది. ఈ పనులు చిన్నవని అనడం లేదు, వీటితో ఢిల్లీలో గది అద్దె కట్టి ఇద్దరు పిల్లలను చదివించడం కుదరదు. ఢిల్లీ ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం నైపుణ్యం అక్కర్లేని పనికే నెలకు 18 వేలు దాటింది. ఇంట్లో కూర్చుని కుట్టే స్త్రీ చేతికి అందులో ఎంత వస్తుందో కుట్టేవాళ్లను అడగండి. 2008లో ఢిల్లీలో మొదలైన ఆజాద్ ఫౌండేషన్ పేద మహిళలకు కారు నడపడం నేర్పి, లైసెన్సు ఇప్పించి, ‘సఖా’ క్యాబ్‌ల ద్వారా ఉద్యోగం చూపింది. డ్రైవింగ్‌తో పాటు చట్టం, ఆత్మరక్షణ, నగరం మ్యాపు చదవడం కూడా నేర్పింది. ఇంటి నుంచి బయటకు ఒంటరిగా అడుగుపెట్టనివ్వని మనుషుల మధ్య బతికిన స్త్రీ అర్ధరాత్రి విమానాశ్రయం దారిలో కారు నడపడమన్నది జీతం కన్నా పెద్ద సంగతి. పని ఎంచుకునేటప్పుడు ఆ పని నగరంలో ఎంత తెస్తుందో చూడాలి, ఆమె మనసు ఏం కోరుతోందో అడగాలి.

తెలుగు అమ్మాయిలకు ఢిల్లీలో ఇంకో కష్టం భాష. గురుగ్రామ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో, కేంద్ర బలగాల్లోనో ఉద్యోగం చేసే భర్తతో పెళ్లయిన నెలకే వచ్చి, హిందీ రాక, పొరుగువాళ్లతో నాలుగు మాటలు మాట్లాడలేక గోడల మధ్య ఉండిపోయే పిల్లలున్నారు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే తన బాధను తనకు రాని భాషలో చెప్పాలి. పోలీసుల ముందు భర్త అనువాదకుడవుతాడు. అంతకంటే అన్యాయం ఉంటుందా! దేశ రాజధానిలో తెలుగు సంఘాలకు లోటు లేదు, ఉగాదులు ఘనంగా జరుగుతాయి. దుర్గాబాయి 1948లో నెలకొల్పిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ బడుల్లో చదివి, అటు హిందీ ఇటు తెలుగు ధారాళంగా మాట్లాడే తరాలు తయారయ్యాయి. వాళ్లలో పదిమంది అక్కలు, వదినలు, పిన్నులు వంతులవారీగా ఫోన్ ఎత్తి, స్టేషనుకో సఖి కేంద్రానికో వెళ్లి ఆ అమ్మాయి మాటను ఆమె చెప్పినట్టే వినిపించడానికి ముందుకు రావాలి. ఆంధ్రా భవన్, తెలంగాణ భవన్ ఆ పేర్ల జాబితాను పోలీసులకూ న్యాయసేవా సంస్థకూ ఇవ్వొచ్చు. దీనికి జీవో కూడా అక్కర్లేదు.

ఇక మొదట చెప్పిన గుమ్మం సంగతి. గృహం నుంచి వెళ్లేటప్పుడు ఆమె చేతిలో మూడు నెలల అద్దెకు సరిపడా డబ్బు ఉండాలి. దాన్ని గ్రాంటులో విడి పద్దుగా చూపాలి, ఎందుకంటే తిండి ఖర్చులో మిగిల్చి ఇవ్వమంటే మిగలదు. ఒప్పంద పత్రం మీద హామీదారుగా సంస్థ సంతకం చేయాలి. వెళ్లిన తర్వాత ఏడాది పాటు నెలకోసారి గృహం నుంచి ఒకరు వెళ్లి చూసి రావాలి, ఆ రాకపోకల ఖర్చునూ లెక్కలో రాయనివ్వాలి. జ్వరం వచ్చి పది రోజులు పనికి వెళ్లలేకపోతే అద్దె బాకీ పడి, ఆ బాకీ కోసమే పాత ఇంటికి తిరిగి వెళ్లిన స్త్రీల గురించి ఈ గృహాలు నడిపేవాళ్లందరూ చెబుతారు. అలాంటి నెలలో మళ్లీ పది రోజులు వచ్చి ఉండటానికి ఒక మంచం ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి, తిరిగొచ్చిందని ఆమెను విఫలమైనట్టు రికార్డులో రాయకూడదు.

ఢిల్లీలో ఇళ్లు లేక ఇదంతా ఆగలేదు. పేదల కోసం కట్టి ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న ఫ్లాట్లు బవానాలో, నరేలాలో వేలల్లో ఉన్నాయి. అలాంటి ఫ్లాట్లను తక్కువ అద్దెకు ఇవ్వడానికి కేంద్రం 2020లో ఒక పథకమే తెచ్చింది. అందులో ఆశ్రయ గృహాల నుంచి వెళ్లే మహిళలకు కొన్ని కేటాయించమని మహిళా శిశు అభివృద్ధి శాఖ అడగాలి. అందరినీ ఒకే బ్లాకులో పెట్టకుండా, ఒక్కో మెట్ల వరుసలో ఒకరో ఇద్దరో ఉండేలా ఇవ్వాలి. నరేలా దూరం, నిజమే. పొద్దున ఆరింటికి అక్కడి నుంచి నగరం లోపలికి వచ్చే బస్సులు పెంచాలి, 2019లో మొదలుపెట్టిన మహిళల ఉచిత ప్రయాణం అలాంటి బస్సు ఉంటేనే పనికొస్తుంది. తల్లి డ్యూటీ రాత్రి ఎనిమిదింటికి అయితే ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉండే పిల్లల సంరక్షణ కేంద్రం కాలనీలోనే కావాలి. అద్దె చీటీ మీద ఆమె పేరే ఉండాలి. భర్త పేరు రాయాల్సిన గడి ఆ ఫారంలో ఉండనక్కర్లేదు.